కాలికి ముల్లు, గజ్జల్లో బిళ్ళ

ఈ నెల వచ్చిన ఉత్తరాలు పద్నాలుగు. అందులో మూడు జుట్టు రాలడం గురించి. వాటికి పోయిన నెలే జవాబు రాశాను, మళ్ళీ రాయను. మిగతావాటిలో అయిదు మాత్రం, పైకి దేని దారి దానిదే అయినా, చివరికి ఒకచోటికే వచ్చి ఆగాయి: మన ఒంట్లోకి వచ్చింది చుట్టమో దొంగో ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు? గుంటూరులో ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకి మైక్రోబయాలజీ చెప్పి రిటైరైనదాన్ని. ఈ సంగతి ఎత్తితే నా నోరు ఆగదు. కాస్త ఓపిక పట్టండి.

*

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 31, వ్యవసాయం. పదిరోజుల కిందట పొలంగట్టు మీద అరికాల్లో తుమ్మముల్లు దిగింది, లాగేశాను. మర్నాటికి పాదం వాచి చీము పట్టింది. నాలుగోరోజుకి గజ్జల్లో ఉసిరికాయంత బిళ్ళ కట్టింది. దెబ్బ అరికాల్లో తగిలితే బిళ్ళ గజ్జల్లో ఎందుకు? మా అమ్మ ఇది బోదకాలుకి మొదలేమోనని బెంగ పెట్టుకుంది.
– ఒక పాఠకుడు, పొన్నూరు

జవాబు: తమ్ముడూ, మీ ప్రశ్న నాకు భలే నచ్చింది. ముల్లు నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ శాస్త్రం కూడా ముల్లుతోనే మొదలైంది. 1882లో ఇటలీలోని మెస్సినా ఊళ్ళో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త సముద్రపు నక్షత్రచేప పిల్లల్ని చూస్తున్నాడు. అవి గాజులా ఉంటాయి, లోపల ఏం జరిగినా పైకి కనిపిస్తుంది. వాటి ఒంట్లో సన్నని ముళ్ళు గుచ్చి, ఆ రాత్రి నిద్ర లేకుండా గడిపాడు. తెల్లారి చూస్తే, కదిలే కణాలు వచ్చి ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఒంట్లోకి పరాయిది దిగితే తినడానికి వచ్చే కణాలున్నాయని ఆయన చెప్పింది అలా చూసి. 1908లో నోబెల్ ఇచ్చారు.

మీ అరికాల్లో జరిగిందీ అదే. ముల్లుతోపాటు మట్టి, మట్టితోపాటు బాక్టీరియా దిగాయి. చర్మం కింద కాపలా ఉండే కణాలకి ఆ వచ్చిన బాక్టీరియా పేరూ తెలియదు, ఊరూ తెలియదు. తెలిసింది వేషం ఒక్కటే. బాక్టీరియా గోడల్లో మన కణాల్లో ఎక్కడా లేని సరుకు ఉంటుంది. అది తగలగానే కేకేస్తాయి. ఆ కేకకి రక్తనాళాలు వదులై నీరు ఊరుతుంది. వాపు, ఎరుపు, వేడి, సలుపు అన్నీ దాని చలవే. కేక విని ముందుగా పరుగెత్తుకొచ్చేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు.

చీము అంటే అందరికీ అసహ్యం. నాకు మాత్రం గౌరవం. లాబ్‌లో చీముబొట్టు గాజుపలక మీద పలచగా రాసి, రంగులు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి కొత్త పిల్లల్ని చూడమనేదాన్ని. గులాబి రంగులో కణాలు, ఒక్కోదాని కేంద్రకం మూడు నాలుగు తునకలుగా, సన్నని దారంతో కట్టిన కనకాంబరాల్లా. వాటి మధ్యన, కొన్నిసార్లు వాటి కడుపులోనే, ద్రాక్షగుత్తుల్లా ఊదారంగు చుక్కలు. ఆ చుక్కలే బాక్టీరియా. మింగినవీ మింగబడినవీ ఒకే పలక మీద చచ్చిపడి ఉంటాయి. న్యూట్రోఫిల్ రక్తంలోకి వచ్చాక బతికేది ఎక్కువ సేపు కాదు, ఎముకల మూలుగ రోజూ కోట్లకొద్దీ కొత్తవి చేసి పంపుతూనే ఉంటుంది.

ఇక బిళ్ళ. ఇది రెండో అంచె. అరికాల్లో డెండ్రైటిక్ కణమని ఇంకొకటి ఉంటుంది. ఇది పోట్లాడే రకం కాదు, పెళ్ళిళ్ళ పేరయ్య రకం. దొరికిన బాక్టీరియాని ముక్కలు చేసి, ఆ ముక్కని ఒంటిమీద తగిలించుకుని, లింఫ్ అనే పలచని నీరు పారే నాళాల వెంట పైకి బయల్దేరుతుంది. పాదం నుంచి వచ్చే దారులు చాలావరకు చేరేది గజ్జల్లోని గ్రంథులకి. చేతికి దెబ్బ తగిలితే చంకలో, తలలో పుండ్లు పడిన పిల్లలకి మెడ వెనక బిళ్ళలు కట్టేది అందుకే.

గ్రంథిలో కూర్చుని పేరయ్య ఆ ముక్కని వచ్చిపోయే టి కణాలనే ఇంకో రకం తెల్లకణాలన్నింటికీ చూపిస్తాడు. ఒక్కో టి కణం ఒక్కో రకం ముక్కనే గుర్తుపట్టగలదు. వేలకి వేలు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతాయి. ఎక్కడో ఒక్కదానికి కుదురుతుంది. కుదిరిందా, అది రోజుకి రెండు మూడుసార్లు చొప్పున చీలి ఒకటి రెండు, రెండు నాలుగవుతూ పోతుంది. బయటికి పోయే వాకిళ్ళు కొంతసేపు మూసుకుంటాయి, కొత్త కణాలు వచ్చి దిగుతూనే ఉంటాయి. పెళ్ళివారింట్లో చుట్టాలు దిగినట్టన్నమాట. మీ చేతికి తగిలే ఉసిరికాయ అదే. ముల్లు దిగిన రోజే కాకుండా నాలుగోరోజున కట్టడానికి కారణం కూడా ఈ వెతుకులాటే. ఈ పేరయ్య కణాన్ని 1973లో లోకానికి చూపించిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కి 2011లో నోబెల్ ప్రకటించారు. అప్పటికి మూడురోజుల ముందే ఆయన పోయారని కమిటీకి తెలియదు. తెలిశాక కూడా బహుమతి వెనక్కి తీసుకోలేదు.

మీరు అడగలేదు గానీ, క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు: ఎప్పుడూ చూడని క్రిమికి సరిపడే కణం ముందే ఎలా తయారై ఉంటుంది మేడమ్ అని. మన కణాలకి క్రిమి గురించి ఏమీ తెలియదు. పేకముక్కలు కలిపి పంచినట్టు కొన్ని జన్యువుల తునకల్ని ఎటుపడితే అటు కలిపి, లెక్కలేనన్ని రకాల్ని ముందే చేసి పెట్టుకుంటాయి. ప్రతిరక్షకాల్లో, అంటే యాంటీబాడీల్లో, ఈ కలపడం ఎలా జరుగుతుందో తేల్చిన జపాన్ శాస్త్రవేత్త తొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. మీకు ఆ ముల్లు దిగకముందే, ఆ బాక్టీరియాకి తగిన కణం మీ ఒంట్లో ఎక్కడో ఖాళీగా తిరుగుతోంది.

అమ్మకి చెప్పండి, గజ్జల్లో బిళ్ళ కట్టినంత మాత్రాన బోదకాలు కాదు. అనుమానం తీరకపోతే రాత్రి పది దాటాక రక్తం తీసి చూస్తారు, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు మన రక్తంలో తిరిగేది రాత్రిళ్ళే. మీకు ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో గుర్తులేకపోతే వెంటనే వేయించుకోండి. ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్ళకి కూడా రక్షణ రాదు. మనిషిని చంపడానికి చాలే విషం కూడా, మన కణాలు గుర్తుపెట్టుకోవడానికి చాలనంత తక్కువ. అందుకే దానికి టీకా తప్ప దారి లేదు. కాలి మీద ఎర్రటి చార పైకి పాకినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పిలేకుండా గట్టిగా ఉండి, నెల దాటినా తగ్గని బిళ్ళని మాత్రం తప్పకుండా డాక్టరుకి చూపించాలి.

*

ప్రశ్న: మా అమ్మ పదిహేనేళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. రోజూ తుమ్ములు, ముక్కు కారడం, చేతులు భగభగ. ఇది ఎలర్జీయేనా? ఇమ్యూనిటీ తక్కువవడం వల్లనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మిర్చి యార్డు గేటు దాటగానే తుమ్మని మనిషిని నేనింతవరకు చూడలేదు. సీజన్లో ఆ పక్కనుంచి ఆటోలో పోతే నాకూ తప్పదు. ఆ ఘాటు ఎలర్జీ కాదు. రోగనిరోధక వ్యవస్థకి దాంతో పనే లేదు. కారంలోని క్యాప్సైసిన్ నేరుగా నరాల చివర్లలో ఉన్న ఒక ద్వారాన్ని తెరుస్తుంది. మామూలుగా ఆ ద్వారం 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితేనే తెరుచుకోవాలి. అంటే నిప్పు లేకుండానే కాలిందని నరం చాడీ చెబుతోంది. దీన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఆ ద్వారం క్యాప్సైసిన్‌కి పలకదు. రామచిలుక పండుమిరపకాయని అంత తీరుబడిగా తింటుందంటే కారణం అదే.

తేడా ఎలా తెలుస్తుందంటే, ఘాటు మొదటిరోజు వచ్చినవాళ్ళకీ తగులుతుంది, అందరికీ తగులుతుంది. ఎలర్జీ అలా కాదు. ముందు ఒంటికి పరిచయం కావాలి, ఐజీఈ అనే ప్రతిరక్షకం తయారవాలి, అది కొన్ని కణాల మీద ఎక్కి కూర్చోవాలి. ఆ తర్వాత ఎప్పుడో అదే దుమ్ము తగిలితే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని చిమ్ముతాయి. అది కొందరికే. అమ్మకి దగ్గుతోపాటు పిల్లికూతలు వస్తున్నాయా? రాత్రిళ్ళు ఆయాసమా? పని లేని రోజుల్లో తేలిగ్గా ఉంటోందా? అయితే మిరపకాయ కంటే దాని మీది బూజు, సంచుల దుమ్ము మీద నాకు అనుమానం. ఊపిరితిత్తుల డాక్టరుకి ఒకసారి చూపించండి. చేతుల మంటకి నీళ్ళు పోసుకుంటే లాభం లేదు, కారం నీళ్ళలో కరగదు. ముందు కొబ్బరినూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కోమనండి. కళ్ళు మాత్రం ఆ చేతులతో ముట్టుకోవద్దు.

*

ప్రశ్న: బాబుకి పుట్టగానే వేసిన బీసీజీ నెల దాటాక ఇప్పుడు చీము పట్టింది. అత్తయ్య గారు కాఫీపొడి అద్దమంటున్నారు.
– ఒక తల్లి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: అద్దకు తల్లీ. పిండకు, మందు రాయకు, కట్టు కట్టకు. అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పి, కాఫీ పెట్టి ఇవ్వు. అది పుండు కాదు, బాబు టి కణాలకి జరుగుతున్న మొదటి పాఠం. బీసీజీలో ఉన్నది పశువుల క్షయ క్రిమి. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు దాన్ని 13 ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ పెంచి కోరలు పీకేశారు, 1921లో మొదటిసారి ఒక బిడ్డకి ఇచ్చారు. క్షయ క్రిమి మెల్లగా పెరుగుతుంది, దాన్ని పట్టుకునే టి కణాలూ మెల్లగానే కదులుతాయి. అందుకే వారాలు పట్టింది. అదే మాని మచ్చ పడుతుంది. కొందరికి మచ్చ పడదు, అయినా మళ్ళీ వేయించనక్కర్లేదు. చంకలో బిళ్ళ పెద్దదై మెత్తబడితే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించు.

*

ప్రశ్న: ఇమ్యూనిటీ పెంచే మంచి పొడి ఏదైనా చెప్పండి.
– తెనాలి నుంచి

జవాబు: ఏ ఇమ్యూనిటీ? తుమ్ములు తెప్పించేదీ ఇమ్యూనిటీయే, కింద రాసిన ఉత్తరంలో కీళ్ళు తినేస్తున్నదీ ఇమ్యూనిటీయే. దాన్నీ పెంచమంటారా? అది పెట్రోలు ట్యాంకు కాదండీ నింపడానికి. షుగరు ఉంటే అదుపులో పెట్టుకోండి, అది పెరిగితే పైన చెప్పిన న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. కడుపునిండా పప్పు, గుడ్డు తినండి. నిద్రపోండి. పొడి డబ్బులు మిగిలాయి కదా, అరవై దాటితే ఫ్లూ టీకా గురించి మీ డాక్టరుని అడగండి.

*

ప్రశ్న: మా ఆవిడకి 46 ఏళ్ళు. పొద్దున లేవగానే గంటసేపు వేళ్ళు ముడుచుకోవు, కాఫీగిన్నె పట్టుకోలేదు. పరీక్షలు చేసి రుమటాయిడ్ కీళ్ళవాతం అన్నారు. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ రాశారు. మందులషాపు అబ్బాయి ఇది క్యాన్సర్ మందు అన్నాడు. అప్పటినుంచి ఏడుస్తోంది. మానేయమంటారా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మానేయవద్దు. ముందు ఆవిణ్ణి ఏడవద్దనండి.

టి కణాలకి ఒక బడి ఉంది, గుండె పైన, రొమ్ము ఎముక వెనక. థైమస్ అంటారు. పేకముక్కల్లా కలిపి చేస్తే సొంత ఒంటినే శత్రువు అనుకునే కణాలు కూడా పుడతాయి కదా. అలాంటివాటిని ఆ బడిలోనే చంపేస్తారు. చేరినవాటిలో నూటికి అయిదు కూడా పాసై బయటికి రావు. ఇంత కఠినమైన పరీక్షలోనూ కొన్ని తప్పించుకుంటాయి. వాటిని బయట అదుపు చేసే కణాలు వేరే ఉన్నాయని కనిపెట్టినందుకే 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకి నోబెల్ ఇచ్చారు. మీ ఆవిడ ఒంట్లో ఆ అదుపు తప్పింది. కీళ్ళ లోపలి పొరని ఆమె సొంత కణాలే పరాయిదనుకుంటున్నాయి. శక్తి తక్కువై కాదు, గుర్తుపట్టడంలో పొరపాటు జరిగి.

మా పెద్దమ్మకి ఇదే జబ్బు. నా చిన్నప్పుడు ఆవిడ వేళ్ళు ఒకపక్కకి వంగిపోయి ఉండేవి. గాజులు ఎక్కించాలంటే సబ్బునురగ రాసి ఇద్దరం పట్టేవాళ్ళం. ఆవిడ కాలానికి ఈ మందు కీళ్ళకి వాడేవారు కాదు.

షాపబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. క్యాన్సర్‌కి ఇచ్చే మోతాదు వేరు, కీళ్ళకి ఇచ్చేది దాంట్లో ఏ మూలకీ రాదు. దీని వెనక మనవాడొకడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ లాబొరేటరీస్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ని తయారుచేసింది, దాని పనికి అడ్డుపడే ఎదురుమందుల్నీ తయారుచేసింది. ఆ ఎదురుమందుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. పైన పొన్నూరు అమ్మగారు భయపడ్డ బోదకాలుకి వాడే హెట్రజాన్ కూడా ఆ బృందం నుంచే వచ్చింది. సుబ్బారావు 1948లో, యాభై మూడేళ్ళకే పోయాడు.

మీ ఆవిడ చీటీలో మెథోట్రెక్సేట్ పక్కనే ఫోలిక్ యాసిడ్ కూడా రాసి ఉంటుంది, చూడండి. మందు ఇబ్బందిపెట్టకుండా అది కాపు కాస్తుంది. ఆయన చేసిన రెండు పనులూ ఇప్పుడు మీ ఇంట్లో ఒకే డబ్బాలో ఉన్నాయి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వారానికి ఒక్కరోజంటే ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ ఎండి ప్రాణం మీదికి వస్తుంది, అలా వచ్చినవాళ్ళ రక్తం నేను పరీక్ష చేశాను. తెల్లకణాలు వెతికినా దొరకవు. డాక్టరు రోజు ఏదీ రాయకపోతే మంగళవారం పెట్టుకోండి, మెథోకీ మంగళవారానికీ మొదటి అక్షరం ఒకటే. క్యాలెండర్లో ప్రతి మంగళవారం మీద ఎర్ర ఇంకుతో చుక్క పెట్టి, వేసుకున్నాక కొట్టేయండి. చెప్పిన గడువుకి లివర్ పరీక్ష, రక్తపరీక్ష మానవద్దు. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆవిడ కాఫీగిన్నె దించే దాకా పొద్దున కాఫీ మీరు కలపండి.