అపార్ట్‌మెంట్ బతుకమ్మ, వంటల స్టాళ్లు, విరాళం: మేం చేసే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లంతా కలిసి బతుకమ్మ చేయాలనుకుంటున్నారు, సగం మందికి ఆట రాదు, వంటల స్టాళ్లు పెట్టి వచ్చిన డబ్బుతో ఏదైనా మంచి పని చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, మగవాళ్లని రానివ్వాలా అని. మాదీ అలాంటి కాంప్లెక్సే. కరీంనగర్ వాళ్లు, గుంటూరు వాళ్లు, రాజస్థాన్ వాళ్లు అందరూ ఉన్నారు. కొన్నేళ్లుగా చేస్తున్నాం కాబట్టి నాకు తోచింది చెబుతాను.

టెంటు, సౌండు కంటే ముందు డబ్బు ఎవరికి వెళ్తుందో తేల్చుకోండి. చాలాచోట్ల పండగంతా అయ్యాక మిగిలింది లెక్కేసి, అప్పటికి గుర్తొచ్చిన ఆశ్రమానికి బిస్కెట్ ప్యాకెట్లు, పాత చీరలు పట్టుకెళ్లి ఫొటో దిగి వస్తారు. దసరా, దీపావళి రోజుల్లో అక్కడ బిస్కెట్లకు కొరతేం ఉండదు. మేం దగ్గర్లోని ప్రభుత్వ బాలికల హాస్టల్‌కి పండగకు చాలా ముందే వెళ్లి, ఏం కావాలో వార్డెన్ మేడమ్‌నే అడిగాం. స్కూలు బ్యాగులు అంటారేమో అనుకున్నాం. ఆమె నోటుబుక్కు వెనక పేజీ చింపి రాసిచ్చిన లిస్టు వేరే: బకెట్లు, మగ్గులు, దుప్పట్లు, లోదుస్తులు సైజులతో సహా, శానిటరీ ప్యాడ్లు, బట్టలారేసుకోవడానికి నైలాన్ తాడు, అన్నిటికంటే కింద పేల దువ్వెనలు. దాన్నే పెద్ద అక్షరాలతో రాసి, ఒక్కోదాని పక్కన ధర వేసి లిఫ్ట్ దగ్గర అంటించాం. ఆ తర్వాత విరాళం ఇమ్మని ఎవర్నీ అడగలేదు. ఒకావిడ దుప్పట్ల పక్కన తన ఫ్లాట్ నంబరు వేసుకుంది, పిల్లలు పోటీపడి దువ్వెనలు పట్టుకున్నారు. స్టాళ్ల డబ్బు చేతికి రాకముందే లిస్టులో చాలా వాటికి టిక్కులు పడ్డాయి.

వస్తువులుగా ఇస్తే విరాళాలకు ఉండే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. సంస్థకు నగదు ఇచ్చినా 2,000 రూపాయలు దాటితే రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. రసీదు కావాలనే వాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లకు ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

ఇక తిండి. బతుకమ్మకు వంటల మెనూ కొత్తగా ఆలోచించక్కర్లేదు, పండగే ఇచ్చింది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు అని రోజుకో పేరు, చివరి రోజు సద్దులు, అంటే ఇవి: చింతపండు పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, వాటితో పాటు మలీద ముద్దలు, మక్క సత్తు, పల్లి సత్తు. ఇవన్నీ చల్లారినా బాగుండేవే, కాబట్టి ఇళ్లలో చేసి కిందికి తెచ్చుకోవచ్చు. కానీ డబ్బులు తెచ్చేది మాత్రం అక్కడికక్కడ వేడిగా చేసిందే. మా దగ్గర ఒక పెద్దమ్మ సర్వపిండి పెడుతుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, ఎండు కారం కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె లోపలి గోడలకు అద్ది, వేలితో గుంటలు పెట్టి ఒక్కో దాంట్లో నూనె చుక్క వేస్తుంది. ఒకటి కాలాక సర్వను నీళ్లలో ముంచి చల్లార్చితే గానీ రెండోది అద్దడానికి కుదరదు. అందుకని రెండు మూడు సర్వలు పెట్టుకోవాలి, లేకపోతే ఆ ఆలస్యానికి క్యూ గేటు దాకా వెళ్తుంది. గుంటూరు వదినలకు సర్వపిండి అప్పటిదాకా తెలియదు, ఇప్పుడు కూపన్లు ముందే కొనిపెట్టుకునేది వాళ్లే. వాళ్ల సున్నుండల స్టాలు మా కరీంనగర్ వాళ్లు ఖాళీ చేస్తారు, అది వేరే సంగతి.

స్టాళ్ల దగ్గర నగదు తీసుకోనివ్వకండి. 20, 50 రూపాయల కూపన్లు ఒకే టేబుల్ దగ్గర అమ్మండి. యూపీఐ క్యూఆర్ అసోసియేషన్ ఖాతాది పెట్టండి, ఎవరి సొంత నంబరూ వద్దు. ఎంత నమ్మకస్తురాలైనా సరే, ఆమె మీదికి మాట రాకుండా ఉండటానికే. ఇంకోటి, సరుకుల ఖర్చు వెనక్కి తీసుకునే వీలు ఇవ్వండి. చిన్న చీటీ మీద ఎంతయిందో రాసి కవర్లో పెడితే కోశాధికారి ఇచ్చేస్తుంది, రెండో మనిషికి తెలియదు. అందరి ఇళ్లలోనూ అయిదు కిలోల పులిహోర ఊరికే పెట్టే స్థోమత ఉండదు. పైకి మాత్రం ఎవరూ లేదనరు.

పూల సంగతి త్వరగా చూసుకోండి. బంతి, చామంతి గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఎన్నయినా దొరుకుతాయి. తంగేడు, గునుగు పల్లెల నుంచి ఆడవాళ్లు కోసుకొచ్చి రోడ్ల పక్కన, రైతుబజార్ల దగ్గర అమ్మేవి. సద్దుల రోజు పొద్దున వెళ్తే రేటు చూసి గుండె ఆగుతుంది. ముందే ఒక అమ్మే ఆమెతో మాట్లాడుకుని అడ్వాన్స్ ఇవ్వండి, బేరం ఆడకండి. ఎండలో చేలగట్ల వెంట తిరిగి కోసిన పువ్వు అది. సేవాకార్యక్రమం అని చెప్పి ఆమె దగ్గర పది రూపాయలు తగ్గించడం ఏం సేవ?

తేదీ ఆదివారానికి జరపాలని కొందరు పట్టుబడతారు. జరపండి గానీ, ఆ ఆదివారం పండగ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు కాకుండా చూసుకోండి. అది అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు. పెద్దవాళ్లకు తెలిస్తే మీ వాట్సాప్ గ్రూపు తట్టుకోలేదు.

ఆట రానివాళ్ల గురించి టెన్షన్ పడకండి. వంగి చప్పట్లు కొట్టడం, అడుగు మార్చడం రెండు రౌండ్లలో వచ్చేస్తుంది. అసలు కొరత పాటకు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకోవాలి, ఆ ఎత్తుకునే మనిషి మీ ఫ్లాట్లలో లేకపోతే డీజే పెడతారు, పది నిమిషాల్లో అది డాండియా అయిపోతుంది. మాకు దొరికింది మెట్లు ఊడ్చే ఆవిడ. పాలమూరు వైపు ఊరు. స్పీకరు ఆపించి మధ్యలోకి రమ్మంటే మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎత్తుకున్నాక ఇక ఆపలేదు, కట్ట కింది ఊళ్ల పేర్లు, ఆడబిడ్డల పేర్లు, చివరికి మా సెక్రటరీగారి భార్య పేరు కూడా పాటలో కలిపేసింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను, వాచ్‌మన్ భార్యను కుర్చీలు సర్దడానికి కాకుండా ఆడటానికి పిలవండి. ఆ సాయంత్రం వాళ్లకు సెలవు, జీతం కోత లేకుండా. తినడానికి కూపన్ పుస్తకం అందరితో పాటే ఇవ్వండి.

భర్త పోయిన పెద్దావిడలు పసుపుబొట్టు పెట్టే వేళకు మెల్లగా పక్కకు తప్పుకుంటారు. మా దగ్గర దాన్ని చూసి పద్ధతి మార్చాం. కూడిన ఆడవాళ్లందరికీ పువ్వులు, తమలపాకులు, ఒక దోసెడు సత్తుపిండి. బొట్టు కావాల్సిన వాళ్లు గౌరమ్మ దగ్గరికి వెళ్లి పెట్టుకుంటారు. ఒకరిద్దరు గొణిగారు, గొణగనివ్వండి.

పొడవైన బతుకమ్మకు బహుమతి పెట్టకండి. పొడవు కోసం లోపల థర్మాకోల్ పెడతారు, పైగా జడ్జీ ఎవరి వదినో అన్న చర్చ ఏడాదంతా నడుస్తుంది. పిల్లలకు ముగ్గులు, పువ్వుల బొమ్మలు పెట్టుకోండి. నీళ్లు నింపిన పెద్ద టబ్బులో నిమజ్జనం చేసి, తెల్లారి ఆ పూలన్నీ కంపోస్టు గుంతలో వేస్తే సరిపోతుంది.

మగవాళ్లని తప్పకుండా రానివ్వండి. కూపన్ టేబుల్, పార్కింగ్, ప్లేట్లు ఎత్తడం, వంటపాత్రలు కడగడం, మర్నాడు హాస్టల్‌కి బకెట్లు మోసుకెళ్లడం వాళ్లవి. మైకు మాత్రం చేతికివ్వకండి, ముఖ్య అతిథి ప్రసంగం మొదలైందంటే పులిహోర పొడిబారిపోతుంది.