గురుకులంలో క్రమశిక్షణను విద్యార్థులే చక్కదిద్దుకోవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీరు చదువుతున్న గురుకుల పాఠశాలలో స్టడీ అవర్‌లో అల్లరి, మెస్ దగ్గర తోపులాట, రాత్రిళ్లు గోడ దూకి బయటికి వెళ్లడం బాగా పెరిగాయి. ఉపాధ్యాయులు చెప్పి చెప్పి విసిగిపోయారు. పదో తరగతి విద్యార్థులు కొందరు కలిసి క్రమశిక్షణ సంఘంగా ఏర్పడాలని అనుకుంటున్నారు. అయితే తప్పు చేసినవారిని శిక్షించే అధికారాన్ని ప్రిన్సిపాల్‌గారిని అడిగి తీసుకోవాలా వద్దా అన్నది మీ సందేహం. నేను ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇలాంటి ప్రభుత్వ గురుకులంలోనే చదువుకున్నాను. ఇప్పుడు మరొక గురుకులంలో ఉపాధ్యాయుడిగా, హౌస్ మాస్టర్‌గా, అంటే హౌస్ అని పిలిచే ఒక విద్యార్థి బృందం బాగోగులు చూసేవాడిగా, పనిచేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, శిక్షించే అధికారాన్ని అడగకండి, వాళ్లంతట వాళ్లే ఇస్తామన్నా తీసుకోకండి. పెద్ద తరగతివాళ్లుగా మీకు అలవాటుగా దక్కుతున్న సౌకర్యాలను ముందు మీరే వదులుకోండి. మీ సంఘం నిలిచేదీ లేనిదీ ఆ ఒక్క పనిలోనే తేలిపోతుంది.

ఎందుకిలా అంటున్నానో మెస్ దగ్గర నుంచే చెబుతాను. ఏ నిబంధనల పుస్తకంలోనూ రాసి ఉండదు కానీ, చాలా గురుకులాల్లో పదో తరగతివాళ్లు ప్లేటు పట్టుకుని వస్తే వరుస దానంతట అదే పక్కకు జరుగుతుంది. మేము చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు కోడిగుడ్డు కూర వండిన రోజున మా వంతు వచ్చేసరికి గిన్నెలో పులుసు మాత్రమే మిగిలేది. పెద్దవాళ్లు రెండోసారి వడ్డించుకుని వెళ్లారన్న సంగతి మాకు తెలిసినా ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు. ఆకలితో ఉన్న ఆరో తరగతి పిల్లవాడు వరుస తప్పించి ముందుకు దూరితే అతనికి క్రమశిక్షణ లేదని మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఆ పిల్లవాడు పెద్ద తరగతికి వచ్చాక తన వంతుగా అదే పని చేసేవాడు.

మేము పదో తరగతికి వచ్చిన సంవత్సరం మాలో కొందరం కూర్చుని మాట్లాడుకుని ఈ క్రమాన్ని తిరగేయాలని నిర్ణయించుకున్నాం. చిన్న తరగతులు ముందు, మేము చివర, వడ్డన కూడా వంతులవారీగా మేమే. మొదట్లో మా తరగతిలోనే చాలామందికి ఇది నచ్చలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసి సంపాదించుకున్న వంతును ఎందుకు పోగొట్టుకోవాలని వాళ్లు అడిగిన మాటలో అన్యాయమేమీ లేదు, ఎందుకంటే వాళ్లూ చిన్నప్పుడు పులుసు మాత్రమే తిన్నవాళ్లే. అయినా ఒప్పుకున్నారు. అప్పుడు జరిగిన మార్పు మేము ఊహించనిది. కూర తక్కువపడటం మొదటిసారిగా పెద్దలకు కనిపించింది. కొరత ఐదో తరగతి పిల్లల మీద పడినంతకాలం అది ఎవరి చెవినీ పడదు. అదే కొరత పదో తరగతివాళ్ల మీద పడితే ఆ పూటే ప్రిన్సిపాల్ గదికి చేరుతుంది. ఆ తర్వాతే మెస్ కమిటీలో విద్యార్థులను కూర్చోబెట్టి, స్టోర్ నుంచి ఇచ్చే పప్పును, నూనెను వాళ్ల ఎదుట తూచి ఇవ్వడం, మనిషికి ఎన్ని గరిటెలన్నది ముందే తేల్చుకోవడం మొదలైంది. తోపులాట ఆగిపోవడానికి ఎవరూ ఎవరినీ తిట్టవలసిన అవసరం రాలేదు. చివరివాడికి కూడా కూర మిగులుతుందన్న నమ్మకం కుదిరాక తోసుకోవలసిన పనే లేకపోయింది.

నీళ్ల విషయమూ ఇలాంటిదే. ఉదయం వ్యాయామానికి ఆలస్యంగా వచ్చేవాళ్లను పీఈటీ సార్ మైదానం చుట్టూ పరుగెత్తించేవారు, మరుసటి రోజు మళ్లీ వాళ్లే ఆలస్యంగా వచ్చేవారు. ఏ డార్మిటరీ పిల్లలు ఎక్కువగా ఆలస్యమవుతున్నారో గమనిస్తే, ట్యాంకుకు దూరంగా, పైపు చివరన ఉన్న గదులవాళ్లని తేలింది. ముందున్న కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే వాళ్ల వైపు నీళ్లు వచ్చేవే కావు. రాత్రే మోటారు వేసి ట్యాంకు నింపమని వాచ్‌మన్‌ను కోరి, గదులవారీగా స్నానాల వంతులు వేసుకున్నాక ఆ సమస్య చాలావరకు తీరిపోయింది. కాబట్టి మీ సంఘం మొదటి పనిగా తప్పు చేస్తున్నవారి జాబితా తయారుచేయవద్దు. ఏ తప్పు ఏ వేళలో, ఏ చోట జరుగుతోందో రాసుకోండి. పిల్లల మొండితనంగా మనకు కనిపించేదానిలో చాలా భాగం నీళ్ల కొరతో, ఆకలో, నిద్ర చాలకపోవడమో అయి ఉంటుంది.

ఇక శిక్షల సంగతి. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఉపాధ్యాయుడికే లేని అధికారాన్ని ఉపాధ్యాయుడు మీకు ఎలా ఇవ్వగలడు? క్రమశిక్షణ పేరుతో పెద్ద తరగతివాళ్లు చిన్నవాళ్లను గుంజీలు తీయించినా, బట్టలు ఉతికించుకున్నా అది ర్యాగింగ్ కిందికి వస్తుంది. దానిపై ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా, శిక్షించే విద్యార్థి నాయకుడి చుట్టూ ఏం జరుగుతుందో నేను విద్యార్థిగానూ చూశాను, ఉపాధ్యాయుడిగానూ చూస్తున్నాను. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని లీడర్‌కు సుద్దముక్క ఇచ్చి సార్ బయటికి వెళ్తారు. బోర్డు మీదికి ఎక్కే పేర్లు నిజంగా మాట్లాడినవాళ్లవి కాదు, లీడర్‌కు స్నేహితులు కానివాళ్లవి. పేరు చెరిపేయడానికి బిస్కెట్ ప్యాకెట్లు చేతులు మారతాయి. కొత్తగా చేరిన, ఇంకా ఎవరితోనూ కలవని పిల్లవాడి పేరు రోజూ ఉంటుంది. నెల తిరిగేసరికి లీడర్ అంటే సార్‌కు చాడీలు చెప్పేవాడన్న ముద్ర పడుతుంది, అప్పటి నుంచి అతను చెప్పే మంచి మాట కూడా ఎవరూ వినరు. మీ సంఘం పేర్లు రాసే పనిని ఏ రూపంలోనూ ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

విద్యార్థులు తమను తాము నడుపుకోవడం మన దేశంలో కొత్త సంగతేమీ కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో ప్రారంభించిన పాఠశాలలో విద్యార్థులు తమ నాయకులను తామే ఎన్నుకునేవారు, తప్పులపై విచారణ కూడా తామే జరుపుకునేవారు. మన వైపు 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. ఆ వెంటనే తాడికొండలోనూ కొడిగెనహళ్లిలోనూ వచ్చాయి. పల్లెటూరి పిల్లలు గురువులతో కలిసి ఒకే ఆవరణలో ఉంటూ చదవడం, జీవించడం నేర్చుకోవాలన్నదే ఈ బడుల వెనుక ఉన్న తలంపు. నవోదయ విద్యాలయాల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని హౌస్‌లు ఉంటాయి. నాకు ఆ పద్ధతిలో బాగా నచ్చేది ఒకే హౌస్‌లో చిన్న తరగతులవాళ్లు, పెద్ద తరగతులవాళ్లు కలిసి ఉండటం. తరగతుల వారీగా సంఘం పెడితే పదో తరగతివాళ్లు ఒక జట్టు, తక్కినవాళ్లు ఒక జట్టు అవుతారు. హౌస్‌ల వారీగా పెడితే ప్రతి చిన్న పిల్లవాడికీ పేరు పెట్టి పిలిచే అన్న ఒకడు ఉంటాడు. మీ బడిలో హౌస్‌లు పేరుకు మాత్రమే, ఆటల పోటీల కోసమే ఉన్నట్లయితే, వాటినే మీ సంఘానికి పునాదిగా చేసుకోండి.

వారానికి ఒకసారి, శనివారం రాత్రి భోజనాల తర్వాత, హౌస్ అంతా నేల మీద వలయంగా కూర్చోండి. మాట్లాడటం అందరికన్నా చిన్నవాడి నుంచి మొదలుకావాలి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తలూపి ఊరుకుంటారు. ఒక వారానికి ఒకే సమస్య తీసుకోండి. ఆ రోజు అందరూ ఒప్పుకున్న నియమాన్ని ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించండి, వచ్చే శనివారం అది పనిచేసిందో లేదో అడగండి, పనిచేయకపోతే మొహమాటం లేకుండా మార్చండి. హౌస్ మాస్టర్ అక్కడ కూర్చోవచ్చు కానీ అడిగితే తప్ప మాట్లాడకూడదు. ఇది మాకు ఎంత కష్టమో నాకు తెలుసు, పిల్లలు తప్పు దారిలో ఆలోచిస్తున్నప్పుడు నోరు కట్టుకుని కూర్చోవడం ఉపాధ్యాయుడికి అలవాటు లేని పని. అయినా ఈ ఒక్క షరతును మీ మాస్టారి చేత ముందే ఒప్పించుకోండి.

దొంగతనాల గురించి మీరు అడగలేదు కానీ ఈ సమావేశాల్లో తప్పకుండా వచ్చే విషయం అదే కనుక చెబుతున్నాను. ట్రంకు పెట్టెల్లో నుంచి పోయేవి ఎక్కువగా సబ్బులు, టూత్‌పేస్టు, ఇంటి నుంచి తెచ్చిన చిరుతిళ్లు. సబ్బులు, నూనెల వంటి వాటికి ప్రభుత్వం విద్యార్థులకు ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలు ఆలస్యమైన నెలల్లో ఇవి పెరగడం నేను గమనించాను. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం నాడు ఎవరూ చూడటానికి రాని పిల్లలు ప్రతి గదిలోనూ ఒకరిద్దరు ఉంటారు. మా హౌస్ పిల్లలు దొంగను పట్టుకునే ప్రయత్నం మానేసి, గదికొక ఉమ్మడి డబ్బా పెట్టుకున్నారు. ఇంటి నుంచి ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు అందులో కొంత వేస్తారు, అవసరమైనవాళ్లు ఎవరినీ అడగకుండా తీసుకుంటారు. పోవడం పూర్తిగా ఆగలేదు. ఒకరి పెట్టెను ఒకరు వెతకడం, అనుమానాలు, రాత్రిపూట కొట్లాటలు మాత్రం బాగా తగ్గాయి.

స్టడీ అవర్ గురించి క్లుప్తంగా చెబుతాను. పెద్దవాళ్లు తమ బల్లల దగ్గర కాకుండా చిన్నవాళ్ల మధ్యలో కూర్చుని చదువుకుంటే, లెక్కల్లో సందేహం వచ్చిన పిల్లవాడికి పక్కనే ఒక అన్న ఉంటే, అల్లరి చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు.

గోడ దూకడం మాత్రం వేరు. అందులో రెండు రకాలవాళ్లు ఉంటారు. ఇంటి మీద బెంగతో, ఇంటికి ఫోన్ చేసుకునే వంతు రాక వెళ్లేవాళ్లకు మీరు సాయం చేయగలరు. ఫోన్ వంతులు సరిగా నడిచేలా చూడటం, కొత్తగా చేరినవాళ్లతో సాయంత్రాలు కూర్చుని మాట్లాడటం మీ చేతిలో పనులే. సినిమాకో, మరో సరదాకో రాత్రి రోడ్డెక్కేవాళ్లను ఆపడం మీ పని కాదు, దాన్ని మీ భుజాన వేసుకోకండి. రాత్రిపూట ఆవరణ దాటిన పిల్లవాడికి ఏదైనా ప్రమాదం జరిగితే దానికి జవాబుదారీ పెద్దలే కావాలి, అందుకే ఆ విషయం వాళ్లకు వెంటనే తెలియాలి. అలాగే ఎవరైనా ఒక పిల్లవాడిని కొడుతున్నా, అసభ్యంగా తాకుతున్నా, ఒక పిల్లవాడు చచ్చిపోతానని మాట్లాడుతున్నా, జ్వరాన్ని దాచిపెడుతున్నా దాన్ని శనివారం సమావేశం దాకా ఆపకూడదు. అదే క్షణంలో హౌస్ మాస్టర్‌కు గానీ ప్రిన్సిపాల్‌గారికి గానీ చెప్పండి. తప్పు చేస్తున్నది ఉపాధ్యాయులో సిబ్బందో అయితే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు ఉంది. పేర్లు రాయవద్దని పైన నేను చెప్పిన మాట ఇక్కడ వర్తించదు. మాట్లాడిన పిల్లవాడి పేరు సార్‌కు చేరవేయడం వేరు, హాని జరుగుతున్న పిల్లవాడిని కాపాడటం వేరు. ఈ తేడాను మొదటి సమావేశంలోనే అందరికీ, ముఖ్యంగా చిన్నవాళ్లకు, స్పష్టంగా చెప్పండి.

ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్లేటప్పుడు అధికారానికి బదులు మూడు హామీలు అడగండి. సంఘం సభ్యులను ఎవరూ వేగులుగా వాడుకోకూడదు. సమావేశంలో ఒక పిల్లవాడు ఒప్పుకున్న చిన్న తప్పుకు బయట మళ్లీ శిక్ష ఉండకూడదు. మెస్, నీళ్లు, మరమ్మతుల గురించి మీరు రాసిచ్చిన కాగితానికి వారం లోపల ఏదో ఒక జవాబు రావాలి, కుదరదన్న జవాబైనా సరే. మూడో దాన్ని వదులుకోకండి. మా పాత గురుకులంలో మా తర్వాత వచ్చిన సంఘం చల్లబడిపోయింది దీనివల్లే. వాళ్లు అడిగిన దేనికీ జవాబు రాక, సమావేశాలకు పిల్లలు రావడమే మానేశారు.

చివరగా, మీరు పదో తరగతి కనుక మీకు సమయం తక్కువ. సంక్రాంతి సెలవుల తర్వాత ప్రత్యేక తరగతులు, ఆపైన పబ్లిక్ పరీక్షలు వస్తాయి, అప్పుడు మీకు వరుసలో నిలబడి వడ్డించే తీరిక ఉండదు. అందుకని దసరా సెలవుల నుంచి తిరిగి వచ్చిన దగ్గర నుంచే తొమ్మిదో తరగతివాళ్లను మీతో పాటు సమావేశాలు నడపనివ్వండి, వడ్డనలో నిలబెట్టండి, సంక్రాంతికి బాధ్యత వాళ్లకు అప్పగించండి. మీరు వదులుకున్న సౌకర్యాల కోసం ఇప్పుడు ఎదురుచూస్తున్నది వాళ్లే, వచ్చే జూన్‌లో పాత వరుసను తిరిగి తెచ్చే అవకాశం ఉన్నదీ వాళ్లకే. మెస్‌లో చివర నిలబడటానికి తమకు సమ్మతమేనా అని వాళ్లను ముందు విడిగా అడగండి. ఒప్పుకున్నాక ఆ మాటను హౌస్ అంతా కూర్చున్న శనివారం నాడు, ఐదారు తరగతుల పిల్లల ఎదుట, వాళ్ల నోటితోనే చెప్పించండి.