కారులో సైకిళ్లు: లోపల పెట్టినా, వెనక కట్టినా పాడుచేసుకున్నవాడి జవాబు

చిన్న కారు, డిస్క్ బ్రేకుల గేరు సైకిల్ ఒకటి, పిల్లాడి సైకిల్ ఒకటి. డిక్కీ డోరుకి బెల్టులతో కట్టే ర్యాకు కొనాలా, సీట్లు మడిచి లోపలే పెట్టాలా అని కదా మీరు అడిగింది. వెనక సీటు ఖాళీగా ఉంటే లోపలే పెట్టండి. నేను రెండు పద్ధతులూ చూశాను, రెండింట్లోనూ సైకిల్ పాడుచేసుకున్నాను. లోపల పెట్టినప్పుడు చేసింది పూర్తిగా నా తప్పు. ర్యాకుతో అలా కాదు, ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది.

మొదటిసారి ముందు చక్రం తీసేసి, సైకిల్ని పడుకోబెట్టి, పైన బ్యాగులు సర్దాను. ఏ పక్కకి పడుకోబెట్టానో చూసుకోలేదు. గేర్లున్న కుడి పక్క కిందికి పోయింది. దింపాక చూస్తే ఒంటి మీద గీత కూడా లేదు. తొక్కడం మొదలుపెడితే మాత్రం గేరు చెప్పిన మాట వినడం లేదు. ఎత్తు ఎక్కుతూ వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రానికి మార్చానో లేదో, డిరేలర్ (చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) స్పోకుల్లోకి దూరింది. రెండు స్పోకులు తెగాయి. మిగతా దారి నడకే.

తర్వాత తెలిసింది, వంగింది డిరేలర్ కాదు, దాన్ని ఫ్రేముకి బిగించే చిన్న ముక్క. దాన్ని హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తాను వంగిపోవాలనే దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు. కాస్త వంగినా గేర్లు గతి తప్పుతాయి, పక్కనుంచి చూస్తే కనబడదు. సైకిల్ వెనక కూర్చుని చూడండి: డిరేలర్‌లోని రెండు బుల్లి చక్రాలూ, వాటి పైనున్న పళ్లచక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి.

అందుకే చైను పక్క ఎప్పుడూ పైకే. ఎక్కించేముందు గేరు వెనక పెద్ద పళ్లచక్రానికి మార్చేస్తే డిరేలర్ కొంచెం లోపలికి ముడుచుకుంటుంది. వెనక చక్రం కూడా తీయాల్సి వస్తే దీనికి తలకిందులు, చిన్న పళ్లచక్రం మీద ఉంచితేనే చక్రం తేలిగ్గా ఊడుతుంది.

మీ రెండు సైకిళ్ల విషయంలో మామూలుగా అందరూ పెద్దది కింద వేసి చిన్నది దానిమీద పెడతారు. పిల్లాడి సైకిల్‌కి గేర్లు లేకపోతే దాన్నే కింద వేయండి. చిన్నది పైన పెడితే దాని బరువంతా మీ డిరేలర్ మీదే పడుతుంది. మధ్యలో పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరవండి. పెడల్స్ తీసేస్తే సగం గీతలు తప్పుతాయి. ఎడమ పెడల్‌కి మర తిరగబడి ఉంటుంది, అది తెలియక బలంకొద్దీ ఇంకా బిగించేవాళ్లే ఎక్కువ (నేనూ వాళ్లలో ఒకణ్ణే). గుర్తు ఏంటంటే, స్పానర్‌ని నిలువుగా పైకి పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడల్సూ ఊడతాయి. చివరగా డిక్కీలో ఉండే కొక్కేలకి తాడుతో కట్టేయండి. గట్టిగా బ్రేకు వేస్తే సైకిల్ ముందు సీటు మీదికే వస్తుంది.

ఇక డిస్క్ బ్రేకుల సంగతి. చక్రం తీసేశాక బ్రేకు లీవర్ నొక్కకూడదు. ఆయిల్‌తో పనిచేసే బ్రేకైతే డిస్క్‌ని రెండు పక్కలా నొక్కిపట్టే ప్యాడ్లు దగ్గరికొచ్చేసి, మధ్యలో డిస్క్ పట్టదు. మా ఇంట్లో ఈ పని పిల్లలు చేశారు, కారులో ఆడుకుంటూ. ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క దూర్చి ఉంచితే ఈ బాధ ఉండదు. అప్పటికే మూసుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ వాడకండి, ప్యాడ్ గీసుకుపోతుంది. టైరు తీసే ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా విడదీయండి. తీసిన చక్రాన్ని డిస్క్ పైకి ఉండేలా పెట్టి, దానిమీద ఏదీ పెట్టకండి, డిస్క్ చాలా తేలిగ్గా వంగుతుంది. చైను నూనె చేతితో దాన్ని ముట్టుకోవద్దు కూడా. నూనె ప్యాడ్లకి చేరిందంటే బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది.

బెల్టుల ర్యాకు తప్పదనుకుంటే, ముందు అది మీ కారు డోరుకి సరిపోతుందో లేదో కారు పుస్తకంలో, ర్యాకు కాగితంలో రెండింట్లోనూ చూడండి. కొన్ని డోర్ల అంచు అద్దమే, కొక్కెం అక్కడ తగిలించకూడదు. నా సైకిల్‌కి పైగొట్టం మీద రంగు లేచిపోయింది ఒక్క ప్రయాణంలోనే. బెల్టు కింద చేరిన దుమ్ము గరుకుకాగితంలా పనిచేసింది. కారు తలుపుకీ అదే గతి. ఇప్పుడు కట్టేముందు రెండూ తుడిచి, తగిలే ప్రతిచోటా పాత ట్యూబు ముక్క చుడుతున్నాను. కార్బన్ ఫ్రేమైతే గొట్టాన్ని పట్టి బిగించే ర్యాకు అసలు వద్దు. హ్యాండిల్ అటూఇటూ తిరగకుండా ముందు చక్రాన్ని ఫ్రేముకి కట్టండి. టైరు సైలెన్సర్ పొగకి ఎదురుగా ఉండకూడదు, ఆ వేడికి కరిగిపోతుంది. నెంబరు ప్లేటు, వెనక లైట్లు కనబడాలి. బయల్దేరిన పావుగంటకి ఆపి బెల్టులు మళ్లీ లాగి చూడండి, ఎంత గట్టిగా కట్టినా కొంత వదులవుతాయి.

కారు పైకప్పు ర్యాకు గురించి ఒక్క మాట: సైకిల్‌కి అది మంచిదే, కానీ పైన సైకిల్ ఉందని మరిచిపోయి తక్కువ ఎత్తున్న పార్కింగ్‌లోకి దూరేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

దిగాక చక్రం బిగించి, ఒకసారి చేత్తో తిప్పి, బ్రేకు నాలుగైదుసార్లు నొక్కి చూడండి. సైకిల్ చాలాసేపు తలకిందులుగా ఉంటే లీవర్ మెత్తగా తగలొచ్చు. నిలబెట్టి కాసేపు నొక్కితే సర్దుకుంటుంది, సర్దుకోకపోతే తొక్కకుండా షాపుకి తీసుకెళ్లండి. ఇంకోటి, ఒక హ్యాంగర్ అదనంగా కొని టూల్ సంచీలో పడేసుకోండి. ఒక ఫ్రేముది ఇంకో ఫ్రేముకి చాలావరకు సరిపోదు, అందుకే ఆరోజు నాకు ఎవరూ అప్పివ్వలేకపోయారు.