డైరీకీ షీటుకీ 1,150 తేడా

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. డైరీలో రాసుకునే జమాఖర్చులను మా అమ్మాయి ఫోన్లో గూగుల్ షీట్స్‌కి మార్చింది. డైరీలో కూడితే ఈ నెల 31,400, షీటులో 30,250. ఫార్ములాల క్లాసులో చేరమంటారా? మేడ మీద గదికి 5 లక్షల అప్పు కావాలి. తెలిసినాయన నూటికి రూపాయి వడ్డీకే ఇస్తారట, ఐదేళ్లు నెలకు 13,333 కట్టాలి. తీసుకోవచ్చా?

జవాబు: క్లాసు వద్దండీ. ఇంటి లెక్కకు మూడు ఫార్ములాలు చాలు.

ముందు ఆ 1,150 సంగతి. డైరీ అలవాటుకొద్దీ కొన్ని గళ్లలో ‘350/-’ అని కొట్టి ఉంటారు. మనకది మూడొందల యాభై, షీటుకు ఉత్త అక్షరాలు. సమ్ ఫార్ములా దాన్ని దాటేసి మిగతావే కూడుతుంది, కిక్కురుమనదు. మామూలుగా అంకెలు గడిలో కుడివైపు ఉంటాయి, అక్షరాలు ఎడమవైపు. ఎడమకు అంటుకున్నవి వెతికి ఉత్త 350 ఉంచండి.

రెండోది సమ్ఇఫ్. బి వరసలో పద్దు, సి వరసలో సొమ్ము ఉంటే =సమ్ఇఫ్(బి:బి,"చేపలు",సి:సి) అన్నది చేపల ఖర్చంతా తీసిస్తుంది. (పద్దు పేరు తప్ప మిగతాదంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.) హార్బర్‌కు వెళ్లొచ్చిన రోజు మాత్రం ‘వంజరం’ అని రాశారో, అది లెక్కలోకి రాదు. జేబుకు చిల్లు పెట్టేది అదే మరి!

ఇక అప్పు. నెల కంతు ఎంతో చెప్పే మూడో ఫార్ములా =పీఎంటీ(12%/12,60,-500000) కొట్టండి (నూటికి నెలకు రూపాయంటే ఏడాదికి 12%, ఐదేళ్లంటే 60 నెలలు). లక్షల కామాలు పెట్టొద్దు, పెడితే ఫార్ములా చెడుతుంది. 12తో భాగించడం మరిస్తే నెల కంతు 60 వేలు దాటి చూపించి గుండె ఆగేలా చేస్తుంది. సరిగ్గా కొడితే వచ్చేది 11,122. మరి ఆయన 13,333 ఎందుకడుగుతున్నారు? నెలనెలా అసలు తీరుతున్నా, ఐదేళ్లూ మొత్తం 5 లక్షల మీదే వడ్డీ కడుతున్నారు గనక. 3 లక్షల వడ్డీ కలిపి 8 లక్షలు, 60 కంతులు. పేరుకు రూపాయి వడ్డీయే, మీ చేతి నుంచి 1,32,667 అదనంగా పోతుంది.

తగ్గే అసలు మీదే వడ్డీ వేస్తారా అని ఆయన్ని అడగండి, బ్యాంకులోనూ కనుక్కోండి. ఈలోగా గళ్లు సరిచేసి మూడు నెలల మిగులు చూడండి. నెలకు 11 వేలైనా మిగలకపోతే, గది పని ఇప్పుడే మొదలెట్టకండి.