వ్యూయర్ అయితే డేటాబేస్‌ని అడగలేరా?

ప్రశ్న: మా అమ్మకాల లెక్కలన్నీ క్లిక్‌హౌస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. వాటి మీద గ్రఫానాలో (లెక్కలను గ్రాఫులుగా చూపే సాఫ్ట్‌వేర్) డ్యాష్‌బోర్డులు కట్టాను. మొదట్లో తొందరలో పాస్‌వర్డ్ కూడా లేని ‘డిఫాల్ట్’ యూజర్‌తో కలిపేశాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఇప్పుడు కస్టమర్లకు కూడా లాగిన్లు ఇమ్మంటున్నారు. ఎవరి లెక్క వారికే కనిపించేలా డ్యాష్‌బోర్డు పైన కస్టమర్ నంబరుకు ఒక వేరియబుల్ పెట్టి, అది కనబడకుండా దాచాను. ‘అందరికీ ఇచ్చేది వ్యూయర్ రోలే కదా, ఏమీ కాదు’ అంటారు మా మేనేజర్. నాకేమో టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ టెన్షనే కరెక్టమ్మా. వ్యూయర్ అంటే డ్యాష్‌బోర్డును మార్చి సేవ్ చేయలేని మనిషి, అంతే. డేటాబేస్‌ని అడగలేని మనిషి కాదు.

డ్యాష్‌బోర్డులో ఒక ప్యానెల్ (ఒక గ్రాఫ్) తెరిచినప్పుడు జరిగేది ఇది. బ్రౌజర్ గ్రఫానాకు ఒక రిక్వెస్ట్ పంపుతుంది. క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, అందులోనే ఉంటుంది. గ్రఫానా తన దగ్గర దాచుకున్న యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతచేసి దాన్ని క్లిక్‌హౌస్‌కు అందిస్తుంది. ఆ క్వెరీ మంచిదా చెడ్డదా అని చూడదు. ఎఫ్‌12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడడం తెలిసిన ఏ కస్టమరైనా ఆ రిక్వెస్ట్‌ను కాపీ చేసుకుని, మీరు దాచిన నంబరు స్థానంలో పక్కవాడి నంబరు రాసి పంపగలడు. అసలు మీ డ్యాష్‌బోర్డులో ఎక్కడా లేని టేబుల్‌ని కూడా అడగగలడు. ఇదేమీ రహస్యం కాదు. ఒక ఆర్గనైజేషన్‌లోని (గ్రఫానాలో యూజర్లనూ డ్యాష్‌బోర్డులనూ విడిగా ఉంచే గది) వ్యూయర్ అందులోని డేటా సోర్స్‌కు, అంటే గ్రఫానాకు కలిపిన డేటాబేస్‌కు, ఏ క్వెరీ అయినా పంపగలడని గ్రఫానా డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. మనమే అంతదాకా చదవం.

నేను మాత్రం చదివానా? ఒకప్పుడు నేను పనిచేసిన చోట టెస్ట్ డేటాబేస్‌కీ అసలు డేటాబేస్‌కీ రెండింటికీ ‘డిఫాల్ట్’ యూజరే. ఒకరోజు ఎవరో టెస్ట్ అనుకుని గ్రఫానా ఎక్స్‌ప్లోర్ పేజీ నుంచి అసలు టేబుల్‌నే ట్రంకేట్ చేసేశారు, అంటే వరసలన్నీ చెరిపేశారు. క్వెరీ లాగ్ (ఎవరు ఏ క్వెరీ పంపారో క్లిక్‌హౌస్ రాసుకునే చిట్టా) తీసి చూస్తే అన్ని వరసల్లోనూ యూజర్ పేరు డిఫాల్టే, అడ్రస్ గ్రఫానా సర్వర్‌దే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా దగ్గర దొంగ కూడా లేడు, పొరపాటు పడ్డ కుర్రాడే. సాయంత్రం తనే వచ్చి ఒప్పుకున్నాడు కాబట్టి తెలిసింది. అతన్ని ఏమనాలి? ఆ టేబుల్‌ని చెరిపే హక్కు గ్రఫానాకు ఇచ్చింది నేను.

కాబట్టి తాళం వేయాల్సింది డేటాబేస్ వైపు. గ్రఫానా కోసం వేరే యూజర్‌ని పెట్టండి. దానికి గట్టి పాస్‌వర్డ్ ఇచ్చి, గ్రఫానా సర్వర్ ఐపీ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ లాగిన్ కాకుండా హోస్ట్ షరతు పెట్టండి. డ్యాష్‌బోర్డుకు కావలసిన టేబుళ్ల మీద సెలెక్ట్ గ్రాంట్ (చదివే హక్కు) చాలు, డేటాబేస్ మొత్తం మీద అక్కర్లేదు. డిఫాల్ట్‌కు ఉన్న పూర్తి హక్కులతో టేబుల్‌ని చెరపడమే కాదు, యూఆర్‌ఎల్ ఫంక్షన్ వాడి డేటాను బయటి చిరునామాకు పంపేయొచ్చు కూడా.

ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటుంది. జాగ్రత్త కోసమని ఆ యూజర్‌కు క్లిక్‌హౌస్‌లో రీడ్‌ఓన్లీ (చదవడం మాత్రమే) సెట్టింగ్‌ను 1 చేస్తారు. వెంటనే ‘మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్‌ను మార్చడానికి వీల్లేదు’ అని ఎర్రర్ వస్తుంది. గ్రఫానాను క్లిక్‌హౌస్‌తో కలిపే ప్లగిన్ ప్రతి క్వెరీతో పాటు ఆ సెట్టింగ్‌ను (క్వెరీ ఎంతసేపు నడవొచ్చో చెప్పేది) కూడా పంపుతుంది, 1లో ఏ సెట్టింగూ మార్చనివ్వరు. విసిగిపోయి మళ్లీ డిఫాల్ట్‌కే వెళ్లిపోతారు. వెళ్లకండి, 2 పెట్టండి. అందులోనూ చదవడమే తప్ప రాయడం కుదరదు, రీడ్‌ఓన్లీ తప్ప మిగతా సెట్టింగులు మార్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛతో ఎవరైనా సర్వర్ మెమరీ అంతా మింగేయకుండా సెట్టింగ్స్ ప్రొఫైల్‌లో మెమరీకీ సమయానికీ గరిష్ఠ హద్దులు రాసేయండి.

ఇక కస్టమర్ల సంగతి. ఒక్కో కస్టమర్‌కు ఒక్కో క్లిక్‌హౌస్ యూజర్, దాని మీద రో పాలసీ (ఏ యూజర్‌కు ఏ వరసలు కనిపించాలో డేటాబేస్‌లోనే రాసే నియమం). అప్పుడు క్వెరీలో ఏ నంబరు రాసి పంపినా తన వరసలే వస్తాయి. అయితే ఆ డేటా సోర్సులన్నీ ఒకే గ్రఫానా ఆర్గనైజేషన్‌లో పెడితే కథ మళ్లీ మొదటికే, ఒక వ్యూయర్ పక్కవాడి సోర్స్‌ని అడుగుతాడు. సోర్స్‌వారీ అనుమతులు ఉచిత వెర్షన్‌లో లేవు. కాబట్టి కస్టమర్‌కో ఆర్గనైజేషన్ పెట్టండి. నిర్వహణకు తలనొప్పే. ఇంతకన్నా తేలిక దారి నాకు కనబడలేదు.

గ్రఫానాకూ క్లిక్‌హౌస్‌కూ మధ్య డేటా నడిచే దారి సంగతి కూడా చూడండి. 8123, 9000 పోర్టుల్లో పాస్‌వర్డ్ సహా అంతా బట్టబయలుగా వెళుతుంది. టీఎల్‌ఎస్ (దారిలో డేటాను గుప్తంగా పంపే పద్ధతి) పెట్టుకుని 8443 గానీ 9440 గానీ వాడండి. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే ‘స్కిప్ టీఎల్‌ఎస్ వెరిఫై’ టిక్ చేసి ఊరుకోవద్దు, సీఏ సర్టిఫికెట్ (సర్వర్ సర్టిఫికెట్‌ను జారీచేసిన సంస్థది) ఇవ్వండి. గ్రఫానా దాచుకునే పాస్‌వర్డ్‌లకు రక్షణ దాని కాన్ఫిగరేషన్ ఫైల్లోని సీక్రెట్ కీ. మీరు మార్చకుండా వదిలేసి ఉంటే అది ఊరందరికీ తెలిసిన కీ అని గుర్తుంచుకోండి.

ప్రశ్న: డేటా సోర్స్ పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డులు కాసేపు ఎర్రగా మారతాయి, ఫోన్లు మోగుతాయి. ఆపకుండా మార్చే దారి ఉందా?
– మరొక పాఠకుడు

జవాబు: పాస్‌వర్డ్ మార్చకండి, యూజర్‌నే మార్చండి. అవే హక్కులతో కొత్త పేరు తయారుచేసి, గ్రఫానాలో దాన్ని పెట్టి టెస్ట్ నొక్కండి. తర్వాత క్వెరీ లాగ్‌లో పాత పేరు మీద ఇంకా ఎవరైనా వస్తున్నారా చూడండి. లాగ్ మామూలుగా 7.5 సెకన్లకోసారి రాసుకుంటుంది, వెంటనే కనిపించకపోతే కంగారు పడొద్దు. వారం రోజులు నిశ్శబ్దంగా ఉందని పాత యూజర్‌ని తీసేయకండి. నేను అలాగే తీసేశాను, నెలాఖరున మాత్రమే నడిచే ఒక రిపోర్టు పాత పేరుతోనే ఉందని 30వ తేదీ రాత్రి తెలిసింది.