ప్రభుత్వ ఉద్యోగులే పోలింగ్ నడిపితే ఎన్నికల సంఘం స్వతంత్రం ఎక్కడుంది?

"ఎన్నికల సంఘానికి కింద సొంత సిబ్బంది లేరు, టీచర్లూ గుమస్తాలే పోలింగ్ నడుపుతారు, మరి అది స్వతంత్ర సంస్థ ఎలా అవుతుంది?" అని అడిగారు. ఆ టీచర్లలో నేనొకణ్ణి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లె బూత్‌కి ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, అంటే ఆ బూత్‌ బాధ్యుడిగా చేశాను.

రాజ్యాంగం 324వ అధికరణం ఎన్నికల నిర్వహణను సంఘం చేతిలో పెట్టింది. మా సంగతి ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఎ సెక్షన్ చూసుకుంటుంది. నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా మేం సంఘం దగ్గర డెప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క. జీతం రాష్ట్రానిదే, అజమాయిషీ మాత్రం సంఘానిది. నాకు ఏ బూత్ పడిందో ముందురోజు సామగ్రి తీసుకునే చోటే తెలిసింది.

పైస్థాయి నియామకాల విషయంలో మాత్రం మీ అనుమానం నాకూ ఉంది. పార్లమెంటు చట్టం చేసేదాకా కమిషనర్ల ఎంపిక కమిటీలో ప్రధాన న్యాయమూర్తి ఉండాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరులో వచ్చిన చట్టం ఆ స్థానంలో కేంద్ర మంత్రిని పెట్టింది. ప్రధానితో కలిపి ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వాళ్లే. ఇది సరైంది కాదని నా అభిప్రాయం.

ఇక బూత్‌లో. తెల్లవారుజామున ఐదున్నరకి మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్. అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేయించి, యంత్రం లెక్కనీ వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద అచ్చువేసే యంత్రం) చీటీలనీ సరిచూడాలి. తర్వాత 'క్లియర్' నొక్కి సున్నా చూపించి, ఆ చీటీలను నల్ల కవర్లో పెట్టి సీల్ చేయాలి. క్లియర్ నొక్కడం మర్చిపోతానేమోనని రాత్రంతా ఒకటే టెన్షన్. అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

సాయంత్రం 6 గంటలకి లైను ఇంకా పొడుగ్గానే ఉంది. చిట్టచివరి మనిషితో మొదలుపెట్టి నంబరు చీటీలు ఇచ్చుకుంటూ ముందుకొచ్చాం. అలా చేస్తే ఆ తర్వాత వచ్చినవాళ్లు వెనక చేరలేరు. అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

'క్లోజ్' నొక్కి ఫారం 17సీ రాశాను. ఏ నంబరు యంత్రంలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. అక్కడున్న ప్రతి ఏజెంటుకీ సంతకం పెట్టి నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజు యంత్రం చూపే మొత్తాన్ని దానితో పోల్చుకోవచ్చు. నా దృష్టిలో ఇంతకంటే గట్టి కాపలా లేదు. మా బూత్‌లో ఇద్దరు అలసిపోయి, అది తీసుకోకుండానే బయల్దేరబోయారు. పిలిచి మరీ ఇచ్చాను. ఒక పెద్దాయన కళ్లజోడు తెచ్చుకోలేదని అంకెలు పైకి చదవమన్నాడు. అసెంబ్లీదీ పార్లమెంటుదీ రెండూ విని, సంతకం చేసి, కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి మీ ఊరి బూత్‌లో ఎవరో ఒక అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చోండి. ఎంత రాత్రయినా సరే, ఆ కాగితం చేతికొచ్చాకే ఇంటికి వెళ్లండి.