మాటలతోనే నాయకుడన్న ముద్ర పడుతుందా? మండల స్థాయిలో మాట్లాడేవాళ్ళు ఏం చూసుకోవాలి?

పడుతుంది. కాకపోతే "నేను ఇంతటివాణ్ణి" అని చెప్పుకుంటే పడదు. ముందు ఎదురుగా ఉన్న జనాన్ని ఏమని పిలుస్తారో తేల్చుకోండి. మీరెవరన్నది ఆ పిలుపే చెప్పేస్తుంది.

ఎన్టీఆర్‌నే తీసుకోండి. 1978 ఎన్నికల తర్వాత అయిదేళ్ళలో కాంగ్రెస్ అధిష్ఠానం నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. జనంలో అప్పటికే ఉన్న ఆ ఉడుకుకు ఆయన "తెలుగువారి ఆత్మగౌరవం" అని పేరు పెట్టారు. ఆడవాళ్ళను ఆడపడుచులన్నారు. ఆడపడుచులన్నాక ఆయన అన్న కాక ఇంకేమవుతారు? 1982 మార్చిలో పెట్టిన పార్టీ 1983 జనవరికి గద్దెనెక్కింది.

ఆయనది పుస్తకాల భాష. పౌరాణిక పాత్రల్లో జనం ఏళ్ళ తరబడి విన్న గొంతు కాబట్టి చెల్లింది. కేసీఆర్ దానికి పూర్తిగా అవతలి ఒడ్డు: ఇంట్లో మాట్లాడే తెలంగాణ భాషనే, సామెతలతో ఎకసెక్కాలతో సహా, వేదిక మీదికి తెచ్చారు. రెండూ నిలిచాయి, ఎవరిది వాళ్ళదే కనక. అరువు యాస మాత్రం రెండో వాక్యానికే దొరికిపోతుంది.

ఇక చేతిలో పనులు. వేదిక మీదివాళ్ళ పేర్లు, పదవులు చదవడం మీరు పెట్టుకోకండి. ఇరవై పేర్లంటే రెండు మూడు నిమిషాలు హరీ. పైగా ఒక్కటి తప్పిపోతే "మావాణ్ణి కావాలనే వదిలేశారు" అని మర్నాటికి ఒక వర్గం అలుగుతుంది. ఆ పని సభాధ్యక్షుడికి వదిలేసి "పెద్దలందరికీ నమస్కారం" అని విషయంలోకి దిగండి.

గుర్తుండాల్సిన మాట ఒక్కటే పెట్టుకోండి. 2019 ప్రచారంలో జగన్ వాడిన "నేను విన్నాను, నేను ఉన్నాను" చూడండి: పొట్టి మాట, ప్రాస ఉంది, వెనకాల 3,648 కిలోమీటర్ల పాదయాత్ర ఉంది. నడవనివాడు "విన్నాను" అంటే నవ్వుతారు. ఆ మాట అన్నాక రెండు క్షణాలు ఆగండి. ఈలలు మొదలవగానే గొంతు పెంచి తరవాతి వాక్యం అందుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. ఆ వాక్యం ఎవరికీ వినపడదు.

"మీ ఊరికి నీళ్ళొచ్చాయా?" అని జనాన్ని అడిగేముందు ఆ ఊళ్ళో నలుగుర్ని కనుక్కోండి. "రాలేదు" అంటారని మీరనుకున్నచోట "వచ్చాయి" అని కేకేశారంటే ఆ వీడియోను ఎదుటి పార్టీయే పంచిపెడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఎదుటివాడి మాటను అప్పజెప్పడంలో ఉంది. తెలుగులో "అని అంటున్నారు" వాక్యం చివర వస్తుంది. వీడియోలో దాన్ని ఎవరైనా కోసేస్తే ముందున్నదంతా మీ మాటే అయి కూర్చుంటుంది. అందుకని "వాళ్ళేమన్నారంటే" అని ముందే అనండి, ఆ మాటను యథాతథంగా కాక సగానికి కుదించి, మీ ఖండనను అదే ఊపిరిలో కలిపేయండి. కెమెరా ఒకటి మీవాళ్ళతోనే పెట్టించి, మొత్తం ప్రసంగాన్ని ఆ రాత్రే యూట్యూబ్‌లో ఎక్కించండి.